కచేరీ మధ్యలో లేచిపోతే తప్పెవరిది?

కరపత్రంలో సాయంత్రం 6 గంటలకు అని వుంటుంది. 6 గంటలకు వెళ్ళినవారికి అక్కడ కనిపించేది షామియానా కడుతున్న కుర్రాళ్ళు, 'హలో, హలో, మైక్ టెస్టింగ్' అంటున్న మైకు సెట్టు అబ్బాయి, ముందు వరుస కుర్చీల మీద తుండుగుడ్డలు వేసి సీట్లు కాసుకుంటున్న నలుగురు పెద్దలు మాత్రమే. 7 గంటలకు కార్యదర్శిగారు వస్తారు. 7.30కు ముఖ్య అతిథి బయలుదేరారని కబురు వస్తుంది. ఆయన వచ్చిన తర్వాత జ్యోతి ప్రజ్వలన. గాలికి నాలుగు అగ్గిపుల్లలు ఆరిపోతాయి, అయిదోది అంటుకుంటుంది. స్వాగత వచనాలు, అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి సందేశం, దుశ్శాలువలు, జ్ఞాపికలు, ఫోటోలు. గాయకుడు శ్రుతి సరిచూసుకొని వర్ణం ఎత్తుకునే సరికి 8.30 అవుతుంది. 9 గంటలకు వెనుక వరుసలు లేవడం మొదలు. 9.15కు షామియానా కుర్రాళ్ళు ఖాళీ కుర్చీలను ఒకదానిలో ఒకటి దూర్చి పేర్చడం మొదలు. మర్నాడు టీ కొట్టు దగ్గర నిర్వాహకులు చెప్పే మాట ఒక్కటే: "మన ఊళ్ళో రసజ్ఞులు లేరండీ!"

ఈ మాట వినీ వినీ జనానికి అలవాటైపోయింది. అందులో నిజమెంత అని విచారించేవారు తక్కువ. కచేరీ నచ్చినా నచ్చకపోయినా మంగళం పాడేవరకు కూర్చోవలసిందేనని, మధ్యలో లేవడం సరస్వతికి చేసే అవమానమని పెద్దలు కొందరు అంటారు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవాడు ఎప్పుడు లేస్తే ఎవరికేమని మరికొందరు వాదిస్తారు. ఈ రెండు వాదాలూ పందిరికి నాలుగడుగుల దూరంలో ఇల్లున్నవారివి. పదిహేను కిలోమీటర్ల అవతలి పల్లె నుంచి పాట వినడానికి వచ్చినవాడి సంగతి ఈ రెండింటిలోనూ లేదు.

ఆఖరి బస్సు

ఆ పల్లె మనిషి సాయంత్రం కచేరీకి రావాలంటే పెందలాడే గేదెల పాలు పితికి, పాలకేంద్రంలో పోసి, ఒంటి మీద నీళ్ళు పోసుకొని, ఉతికిన పంచె కట్టుకొని బస్సు ఎక్కాలి. ఇంట్లో ఆడవారు కూడా వస్తామంటే వంట కూడా పెందలాడే కావాలి. వచ్చింది పాట కోసం. వచ్చాక వినవలసి వచ్చింది సన్మాన పత్రం. ఆఖరి బస్సు రాత్రి తొమ్మిదికో తొమ్మిదిన్నరకో వెళ్ళిపోతుంది. అది తప్పితే ఆటోవాడు పదిమంది నిండితే గాని కదలడు, కదిలినా అడిగినంత ఇవ్వాలి. ఆడవారికి బస్సు టిక్కెట్టు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి లేదు. మంచిదే. టిక్కెట్టు లేకపోయినా బస్సు వుండాలి గదా!

అటువంటి మనిషి ప్రధాన కీర్తన మధ్యలో లేచి, చెప్పులు వెతుక్కుంటూ బస్టాండు వైపు పరుగెత్తితే అతనికి సంగీతం మీద గౌరవం లేదని ఎవరైనా అనగలరా? రెండు గంటలు ముందు వచ్చి కూర్చున్నది అతనే. ఆలస్యంగా వచ్చి, ముందు వరుసలో కూర్చుని, దుశ్శాలువ కప్పించుకొని, వర్ణం పూర్తికాకముందే "మరో కార్యక్రమం వుంది" అంటూ కారెక్కిన ముఖ్య అతిథిని మాత్రం ఎవరూ ఏమీ అనరు. పైగా ఆయన వెళ్ళిపోతుంటే కార్యవర్గమంతా లేచి కారు దాకా సాగనంపుతుంది. గాయకుడు కళ్ళు మూసుకొని పాడుతుంటాడు గనుక ముందు వరుస మొత్తం ఖాళీ అయిన సంగతి కళ్ళు తెరిచినప్పుడు గాని అతనికి తెలియదు. మధ్యలో లేచిపోవడమనే అలవాటును ఊరికి నేర్పుతున్నది వెనుక వరుసలు కావు.

కొత్తగా మరో చిక్కు కూడా వుంది. ధ్వని కాలుష్యంపై కేంద్రం 2000లో చేసిన నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడు స్పీకర్లు మోగించరాదు. పండుగల వంటి సందర్భాలలో ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి వుంది గాని, ప్రతి కచేరీకీ ఆ సడలింపు దొరకదు. 8.30కు మొదలైన కచేరీ పదికల్లా ముగియాలి. రెండున్నర గంటలకు సిద్ధమై వచ్చిన విద్వాంసుడు గంటన్నరలో సర్దుకోవాలి. అప్పుడు కోతపడేది ఏది? ఉపన్యాసాలు అప్పటికే అయిపోయాయి గనుక రాగాలాపన కోతపడుతుంది, వయొలిన్ వంతు కోతపడుతుంది, మృదంగం వంతు కోతపడుతుంది. ఆ హడావుడి పాట విని 'ఆశించినంత లేదు' అని శ్రోత లేచిపోతాడు. గాయకుడి పేరు చెడుతుంది. సందేశం ఇచ్చినాయన పేరు మాత్రం మర్నాడు పేపర్లో ఫోటోతో సహా వస్తుంది.

తెల్లవార్లూ కూర్చున్న రోజులు

పూర్వం జనం తెల్లవార్లూ కూర్చునేవారని, ఇప్పటివారికి ఓపిక లేదని మరో ఫిర్యాదు. కూర్చునేవారు, నిజమే. పద్యనాటకం వున్నదంటే బండ్లు కట్టుకొని, చాపలు, దుప్పట్లు, పిల్లలతో సహా వచ్చి నేల మీద పరుచుకొనేవారు. అయితే తెల్లవార్లూ మెలకువగా ఎవరు వున్నారు? నిద్ర వచ్చినవాడు అక్కడే పడుకొనేవాడు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలో పడకసీను వచ్చినప్పుడు పక్కవాడు తట్టి లేపేవాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్రలో కాటి సీనుకు లేపమని ముందుగానే చెప్పి పడుకొనేవారు. నచ్చని సీను వచ్చినప్పుడు వేరుశెనక్కాయల వాడి దగ్గరకు, సోడా బండి దగ్గరకు వెళ్ళి వచ్చేవారు. అంటే మధ్యలో లేచిపోవడం అప్పుడూ వుంది. లేచినవాడు మళ్ళీ వచ్చి కూర్చోవడానికి చోటు, వేళ రెండూ వుండేవి. అది తేడా. పద్యం బాగుంటే 'వన్స్ మోర్' అని అరచేవారు, బాగుండకపోతే కూడా ఆ సంగతి నటుడికి తెలిసిపోయేది. ఈలపాట రఘురామయ్య, షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటివారు అటువంటి జనం మధ్య నెగ్గుకొని పేరు తెచ్చుకొన్నవారే.

హరిదాసులకు ఈ విద్య మరీ బాగా తెలుసు. కథ సాగుతూండగా జనంలో ఆవులింతలు కనిపిస్తే చాలు, దాసుగారు చిరుతలు ఆపి ఒక పిట్టకథ ఎత్తుకొనేవారు. నవ్వులతో పందిరి మళ్ళీ మేలుకొనేది. అప్పుడు తిరిగి అసలు కథలోకి, రాగంలోకి తీసుకువెళ్ళేవారు. విజయనగరం సంగీత కళాశాలకు 1919లో మొదటి ప్రధానాచార్యులైన ఆదిభట్ల నారాయణదాసు అంతటి సంగీత విద్వాంసుడు, బహుభాషా పండితుడు ఎంచుకొన్నది హరికథనే. బుర్రకథలో హాస్యపు వంతగాడు వున్నది కూడా ఇందుకే. 1986లో పద్మశ్రీ అందుకొన్న షేక్ నాజర్ దళం కథ చెబుతుంటే లేవాలనుకొన్నవాడు కూడా లేవలేకపోయేవాడని గుంటూరు జిల్లా పెద్దలు ఇప్పటికీ చెప్పుకొంటారు. వారు జనాన్ని తిట్టలేదు, జనం ముఖాలు చూశారు.

శాస్త్రీయ కచేరీ పిట్టకథలు చెప్పేది కాదు నిజమే. అయినా ఆ పద్ధతి కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. వర్ణంతో మొదలుపెట్టి, చిన్న కీర్తనలు, మధ్యలో పెద్ద కీర్తన, చివర జావళి, తిల్లానా వంటి తేలికపాటివి పాడే నేటి వరుసను స్థిరపరచినవారు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ అని సంగీతజ్ఞులు చెబుతారు. అంతకు ముందు కచేరీలు మరింత దీర్ఘంగా, రాగం తానం పల్లవి ప్రధానంగా నడిచేవి. జనం మారుతున్నారని గ్రహించి వంటకాల వరుస మార్చిన మహానుభావుడాయన. ఆయన 1967లో కాలం చేశారు. ఆ వరుసలో కూడా మార్పు కావాలా అని అరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా అడిగితే అపచారం అనవలసిన పనిలేదు.

మాట విరిగితే

జిల్లాలో కచేరీ మధ్యలో లేచిపోయేవారిని అడిగితే పదిమందిలో ఒకరైనా చెప్పే కారణం ఒకటుంది. "పాట తెలుగే గదండీ, ఒక్క ముక్క అర్థం కాలేదు." ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. త్యాగరాజస్వామి నివసించింది తిరువయ్యారులో, పాడింది తెలుగులో. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు సరేసరి. మద్రాసు సభల్లో కూర్చునే శ్రోతలలో చాలామందికి తెలుగు రాదు. వారికి రాగం, తాళం బాగుంటే సరిపోతుంది. మాట ఎక్కడ విరిగినా వారికి బాధ లేదు. కోనసీమ రైతుకు, కృష్ణా జిల్లా బడిపంతులుకు అట్లా కాదు. రాముణ్ణి నిలదీసి అడిగే మాట, బతిమాలే మాట వారికి చెవిన పడగానే అర్థమవుతుంది. ఒక పదం తోక తెచ్చి మరో పదం తలకు అతికించి పాడినప్పుడు, ఒత్తులు మింగినప్పుడు, 'శ'కు 'స', 'భ'కు 'బ' పలికినప్పుడు వారికి అన్నంలో రాయి తగిలినట్లు వుంటుంది. అరవ గాయకులను తప్పుపట్టి లాభం లేదు. తెలుగునాట పుట్టి, తెలుగులో చదువుకొని, సెల్‌ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకొన్న కీర్తన చూసి పాడే యువ గాయకులు ఇప్పుడు ఎంతమంది లేరు?

పాట మొదలుపెట్టే ముందు రాగం పేరు, రచయిత పేరు, పాటలోని సంగతి రెండు మాటల్లో చెబితే ఏం నష్టమో తెలియదు. చెప్పడానికి అరనిమిషం పట్టదు. ఇది చెప్పడం విద్వాంసుడి స్థాయికి తగదనుకునేవారున్నారు. తెలిసినవాళ్ళకు రాగం చెప్పనవసరం లేదు, తెలియనివాళ్ళకు చెప్పి ప్రయోజనం లేదు అన్నది వారి లెక్క. తెలిసీ తెలియని వాళ్ళే కుర్చీల్లో ఎక్కువమంది వుంటారని ఆ లెక్కలో మరచిపోయారు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరులో మొదలైన నాటి నుంచి పల్లెల్లో సంగీతం వినడం నేర్చుకొన్నవారంతా ఆ తెలిసీ తెలియని వర్గమే. అనౌన్సరు రాగం, తాళం, రచన చెబుతుంటే విని విని కల్యాణి అంటే ఏదో, మోహన అంటే ఏదో గుర్తుపట్టగలిగిన రైతులు వుండేవారు. పొద్దున్నే భక్తిరంజని వింటూ పనులకు వెళ్ళిన ఇళ్ళవి. నచ్చనప్పుడు రేడియో చెవి మెలిపెట్టేవారు. దాన్ని ఎవరూ సరస్వతికి అవమానమనలేదు.

ఇక మైకు సంగతి. నిన్న రాత్రి పెళ్ళి ఊరేగింపులో డీజే పెట్టిన అబ్బాయే ఇవాళ త్యాగరాజ ఆరాధనకు మైకు పెడతాడు. అతని చేతివాటం అటువంటిది. మృదంగం ఢంఢం అంటుంది, గొంతు బావిలోంచి వస్తున్నట్లు వుంటుంది, వయొలిన్ మైకు మధ్య మధ్య కీచుమంటుంది. గాయకుడు చేయి పైకి ఎత్తి, కిందికి దించి సైగలు చేస్తుంటాడు. అబ్బాయి అది తాళమనుకొంటాడు. పాలఘాట్ మణి అయ్యర్ వంటి మృదంగ విద్వాంసుడు మైకు అక్కరలేదని పట్టుబట్టిన సంగతి సంగీత లోకంలో అందరికీ తెలిసినదే. రెండు వందలమంది పట్టే కల్యాణ మండపంలో నాలుగు పెద్ద బాక్సులు ఎందుకో చెప్పగలవారు లేరు. ఇటువంటి చోట శ్రోతకు ఒక ఉపాయం వుంది. పాట బాగా లేదని లేచినవాడు గుమ్మం దాటకుండా, బాక్సుకు దూరంగా వెనుక గోడ దగ్గరకు వెళ్ళి అయిదు నిమిషాలు నిలబడి చూడాలి. చాలాసార్లు అక్కడ వేరే కచేరీ వినిపిస్తుంది. గాయకుడి తప్పు కాదని తేలిన తర్వాత ఇంటికి వెళ్ళాలో, కూర్చోవాలో అతని ఇష్టం.

మృదంగం వంతు వచ్చినప్పుడు

ఇంతవరకు శ్రోత పక్షాన చెప్పవలసినది చెప్పడమైనది. ఒక్క విషయంలో మాత్రం శ్రోతది తప్పే. దానికి బస్సు వంక, మైకు వంక పనికిరావు.

ప్రధాన కీర్తన పూర్తికావచ్చినప్పుడు గాయకుడు పాట ఆపి తాళం వేస్తూ వుండిపోతాడు. మృదంగం, దానితోపాటు ఘటమో, కంజీరానో, మోర్సింగో వుంటే అవి, తమ విద్య చూపించే ఘట్టమది. తని ఆవర్తనం అంటారు. కచేరీ మొత్తంలో తాళవాద్య కళాకారుడికి సొంతంగా దొరికే సమయం అదొక్కటే. పది నిమిషాలో, పావుగంటో. సరిగ్గా అప్పుడే పందిట్లో జనం లేస్తారు. ఎవరో పురమాయించినట్లుగా మూకుమ్మడిగా లేస్తారు. టీలకు, కాలకృత్యాలకు, సెల్‌ఫోనులో ఇంటికి కబురు చెప్పడానికి అదే వేళ అని అందరికీ ఒప్పందం కుదిరినట్లు వుంటుంది. ఇది పల్లెటూరి అనాగరికత అనుకోవలసిన పనిలేదు. 1928లో ప్రారంభమైన మద్రాసు మ్యూజిక్ అకాడమీ వున్న ఊళ్ళో, డిసెంబరు సీజనులో మహా మహా రసికులు కూడా తని మొదలవగానే క్యాంటీనుకు దారితీస్తారని తాళవాద్య విద్వాంసులు ఎన్నేళ్ళుగానో వాపోతున్నారు. ఊరికి తగ్గట్టు క్యాంటీనులో ఇడ్లీ, దోసె మారుతాయి. అలవాటు ఒక్కటే.

లేచిపోయినవారికి తాము పోగొట్టుకొన్నదేమిటో తెలియదు. మృదంగం పని పాటకు దరువు వేయడమే అయితే ఈ ఘట్టం అవసరమే లేదు. ఎనిమిది అక్షరాల ఆదితాళాన్ని చేతిలో పెట్టుకొని, అదే చట్రంలో మూడేసి దెబ్బల నడక, అయిదేసి దెబ్బల నడక నడిపించి, ఘటంతో వాదులాడి, పెద్ద లెక్కలు చిన్న లెక్కలుగా కుదించుకొంటూ వచ్చి, చివరకు ముక్తాయింపు మూడుసార్లు వాయించి, గాయకుడు పల్లవి ఎత్తుకోవలసిన చోటికి వెంట్రుకవాసి తేడా లేకుండా తెచ్చి అప్పగిస్తాడు. గాయకుడు ఆ మాట అందుకొన్న క్షణాన తాళం తెలియనివాడి ఒళ్ళు కూడా ఝల్లుమంటుంది. ఆ క్షణానికి టీ కొట్టు దగ్గర వున్నవాడు తిరిగి వచ్చి "అయిపోయిందా?" అని పక్కవాణ్ణి అడుగుతాడు.

పైనుంచి వచ్చిన గాయకుడికి పేరుంటుంది, బాడుగ కారుంటుంది. పక్కవాద్యాలు చాలాసార్లు జిల్లావారే. వారిలో సంగీత పాఠశాలలో పార్ట్‌టైము ఉద్యోగం చేసేవారు, ఇళ్ళకు వెళ్ళి పిల్లలకు పాఠాలు చెప్పేవారు, ఆలయంలో వాయించేవారు వుంటారు. ఇచ్చే పారితోషికంలో తేడా చెప్పుకోనవసరం లేదు. ఇంత తక్కువకు ఒప్పుకొని రావడానికి వారికున్న ఆశ ఆ పావుగంటే. తండ్రి మృదంగం వంతు వచ్చేసరికి ఊరు ఊరంతా లేచిపోవడం చూసిన కొడుకు మృదంగం నేర్చుకొంటాడా? విజయవాడలో దండమూడి రామమోహనరావు, సుమతీ రామమోహనరావు దంపతులు మృదంగానికి ఒక జీవితకాలం ధారపోశారు. సుమతికి 2021లో పద్మశ్రీ వచ్చింది. యెల్లా వెంకటేశ్వరరావు మృదంగాన్ని పక్క స్థానం నుంచి వేదిక మధ్యకు తెచ్చి చూపించారు. ఇంతటి వాద్యపు గడ్డ మీద తని అంటే టీ విరామం అనుకోవడం సిగ్గుచేటు. గాయకుడు నచ్చక లేచేవాడు వర్ణం తర్వాత లేవవచ్చు, రెండో కీర్తన తర్వాత లేవవచ్చు. గాయకుడి మీద కోపం మృదంగం మీద చూపడం అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లే.

టిక్కెట్టు పాటలు, పిల్లల పాటలు

సినిమా పాటల కచేరీల దారి వేరు. ఘంటసాల వర్ధంతి ఫిబ్రవరి 11న, జయంతి డిసెంబరు 4న ప్రతి పట్టణంలోనూ ఏదో ఒక ఆర్కెస్ట్రా వేదిక ఎక్కుతుంది. 2020లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పోయినప్పటి నుంచి ఆయన పేరు మీద కూడా సభలు పెరిగాయి. మంచి గొంతులు, శ్రద్ధగా వాయించేవారు జిల్లాలో లేకపోలేదు. అయితే వేదిక మీద కీబోర్డు, ప్యాడ్లు, గిటారు పెట్టి, వెనుక రికార్డు చేసిన ట్రాకు మోగించి, దాని మీద పాడటం ఇటీవల ఎక్కువైంది. వాయిద్యాలు వుంటాయి, వాయించేవారి వేళ్ళు కదలవు. ఆరుబయట ఉచితంగా పెట్టినవారిని ఏమీ అనలేరు. 'లైవ్' అని పోస్టర్లు వేసి, టిక్కెట్టు అమ్మి, ట్రాకు వినిపించినప్పుడు మాత్రం లేచిపోవడం ఒక్కటే సరిపోదు. గుమ్మం దగ్గర టిక్కెట్టు చూపి డబ్బు అడగవలసిందే. ఇంట్లో ఫోనులో దొరికే పాటకు ఇంత దూరం రావడం దేనికి?

చివరగా చెప్పవలసింది, అన్నిటికంటే బాధ కలిగించేది, సంగీత పాఠశాలల వార్షికోత్సవం. ముప్ఫయిమంది పిల్లలు పాడతారు. హాలు నిండా అమ్మలు, నాన్నలు, తాతయ్యలు, అమ్మమ్మలు. మొదటి పాప గీతం పాడగానే ఒక కుటుంబం లేస్తుంది. రెండో బాబు స్వరపల్లవి కాగానే మరో కుటుంబం. తమ పిల్ల పాట ఫోనులో రికార్డు చేసుకోవడం, బహుమతి అందుకోవడం, ఫోటో దిగడం, లేచిపోవడం. అన్నిటికంటే బాగా పాడే పెద్దపిల్లను మాస్టారు చివర పెడతారు. ఏడేళ్ళు నేర్చుకొన్న ఆ అమ్మాయి తోడి ఆలాపన చేసే వేళకు ఎదురుగా ఆమె తల్లిదండ్రులు, మాస్టారి ఇంటివారు, కుర్చీలు పేర్చే కుర్రాళ్ళు మిగులుతారు. ఇక్కడ పాట నచ్చలేదనడానికి లేదు, అసలు ఎవరూ వినలేదు. పెద్దల కచేరీలో లేచే హక్కు శ్రోతకు ఎంత వున్నా, నేర్చుకొంటున్న పిల్లల ముందు ఆ హక్కు వాడరాదు. తప్పు పాడినా కూర్చోవాలి. మాస్టార్లు కూడా పిల్లలందరినీ చివరన ఒకేసారి వేదిక మీదకు పిలిచి, బహుమతులు అప్పుడే ఇస్తే సగం బాధ తీరుతుంది. ఈ కిటుకు తెలిసిన ఆలయాలవారు ప్రసాదం పులిహోర మంగళం తర్వాతే పంచుతారు.

కుర్చీలు నిండలేదని హైస్కూలు పిల్లలను వరుసగా నడిపించుకొని వచ్చి కూర్చోబెట్టి, గేటు దగ్గర డ్రిల్లు మాస్టారిని కాపలా పెట్టడం మాత్రం పనికిరాదు. అట్లా బలవంతాన కూర్చున్న పిల్లవాడు జన్మలో మళ్ళీ కచేరీ గడప తొక్కడు. కూర్చుని కూడా వినకుండా, ముందు వరుసలో ఫోనులో గట్టిగా మాట్లాడుతూ, పక్కవారితో భూముల ధరలు చర్చించేవారి కంటే, రెండు పాటల మధ్య చప్పట్లు మోగుతున్నప్పుడు వంగి, పక్కదారిన, చప్పుడు కాకుండా వెళ్ళిపోయినవాడు వెయ్యి రెట్లు నయం. త్వరగా వెళ్ళవలసినవారు చివరి వరుసలో అంచు కుర్చీ చూసుకొని కూర్చుంటే వరుసలో పదిమంది కాళ్ళు తొక్కనక్కరలేదు. ఇది ఎవరూ చెప్పనక్కరలేని మర్యాద. అయినా చెప్పవలసి వస్తున్నది.

పుష్య బహుళ పంచమికి ప్రతి పట్టణంలోనూ త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. ఆ రోజు పంచరత్న కీర్తనలు అయిదూ అందరూ కలిసి పాడుతుంటే మధ్యలో లేచేవారు కనిపించరు. చిక్కంతా ఆ తర్వాత సాయంత్రం కచేరీలతోనే. వచ్చే ఆరాధనకైనా నిర్వాహక సంఘాలు కొన్ని పనులు చేయవచ్చు. కరపత్రంలో వేసిన వేళకు పాట మొదలుపెట్టి, ముఖ్య అతిథి ఎప్పుడు వస్తే అప్పుడు రెండు కీర్తనల మధ్య దుశ్శాలువ కప్పి కూర్చోబెట్టవచ్చు. సందేశం అయిదు నిమిషాలకు మించరాదని ఆహ్వాన పత్రికలోనే అచ్చువేయవచ్చు. మైకు అబ్బాయిని ఒక గంట ముందు పిలిపించి పక్కవాద్యాలతో సహా సరిచూడవచ్చు. మంగళం పూర్తయ్యేవరకు కుర్చీలు పేర్చవద్దని షామియానావారికి గట్టిగా చెప్పవచ్చు. డిపో మేనేజరుగారికి ఒక అర్జీ పెట్టి ఆరాధన జరిగే రోజులలో ఆఖరి బస్సును అరగంట ఆలస్యంగా నడపమని అడగవచ్చు. జాతరలకు ప్రత్యేక బస్సులు నడిపే సంస్థకు అరగంట పెద్ద విషయం కాదు. పల్లె శ్రోతలకే కాదు, ఆ బస్సు కోసం అదే బస్టాండులో మృదంగం సంచీ భుజాన వేసుకొని నిలబడేవారు కూడా వున్నారు.